ఒకే కార్డు, మూడు లాట్లు: లోపలి లేఅవుట్లకి కంట్రోలర్లని కలపడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డుకి ఒక రైతు మూడు లాట్లు తెచ్చాడనుకుందాం. ఒకటి తేజ, ఇంకోటి 334, మూడోది రంగు పోయిన తాలు. మూడింటి బరువులూ వేరు, రేట్లూ వేరు. ఈ మూడింటినీ ఒకే స్క్రీన్ మీద చూపించి, కింద మొత్తం డబ్బు లెక్క వేసే చిన్న యాప్ రాయాలి. కాలేజీ మినీ ప్రాజెక్టుకి మన వైపు ఇంతకంటే మంచి టాపిక్ దొరకదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు ఎలా ఉంటుందో గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు కదా.

స్క్రీన్ డిజైన్ కూడా తేలికే. లాట్ పేరు, బరువు, రేటు, మొత్తం, ఒక బటన్. ఇదంతా ఒక కార్డు. ఒక్కసారి గీసి మూడుసార్లు వాడుకుంటే చాలు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. పెద్ద స్క్రీన్‌కి ఒక కంట్రోలర్ ఉంది, లోపల ఉన్న ప్రతి కార్డుకీ ఒక కంట్రోలర్ ఉంది. ఈ పెద్దది ఆ చిన్నవాటితో ఎలా మాట్లాడాలి? ఇక్కడ తప్పు జరిగితే యాప్ క్రాష్ అయితే అదృష్టమే. క్రాష్ అవకుండా తేజ లాట్‌కి తాలు రేటు కట్టేస్తేనే అసలు ప్రమాదం.

జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 సిలబస్‌లో జావా సబ్జెక్టు చివరి యూనిట్‌లో జావాఎఫ్ఎక్స్ ఉంది. సీన్ బిల్డర్, లేఅవుట్లు, ఈవెంట్లు వరకు చాలామంది చేసే ఉంటారు. అందుకే ఉదాహరణ జావాఎఫ్ఎక్స్‌లోనే తీసుకుంటున్నా. చివర్లో ఇదే సమస్య ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎలా వస్తుందో చూద్దాం, అది ఇంకా తమాషాగా ఉంటుంది. కోడ్ పదాలు కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నా, ఎడిటర్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టండి.

పేరు కలిస్తేనే కనెక్షన్

కార్డుని ఒక విడి ఫైల్‌గా పెట్టుకున్నాం: లాట్‌కార్డ్.ఎఫ్ఎక్స్ఎంఎల్. దాని రూట్ ఎలిమెంట్‌లో ఎఫ్ఎక్స్:కంట్రోలర్ దగ్గర లాట్‌కార్డ్‌కంట్రోలర్ అనే క్లాస్ పేరు ఇచ్చాం. ఇప్పుడు పెద్ద స్క్రీన్ ఫైల్‌లో ఇలా రాస్తాం:

<ఎఫ్ఎక్స్:ఇన్‌క్లూడ్ ఎఫ్ఎక్స్:ఐడీ="తేజకార్డ్" సోర్స్="లాట్‌కార్డ్.ఎఫ్ఎక్స్ఎంఎల్"/>

పెద్ద స్క్రీన్ కంట్రోలర్‌లో రెండు ఫీల్డులు:

@ఎఫ్ఎక్స్ఎంఎల్ ప్రైవేట్ వీబాక్స్ తేజకార్డ్;
@ఎఫ్ఎక్స్ఎంఎల్ ప్రైవేట్ లాట్‌కార్డ్‌కంట్రోలర్ తేజకార్డ్‌కంట్రోలర్;

మొదటి ఫీల్డ్‌లోకి కార్డు బొమ్మ వస్తుంది, అంటే స్క్రీన్ మీద కనిపించే వీబాక్స్. రెండో ఫీల్డ్‌లోకి ఆ కార్డుని నడిపే కంట్రోలర్ వస్తుంది. మొత్తం కిటుకు రెండో ఫీల్డ్ పేరులోనే ఉంది. ఇన్‌క్లూడ్‌కి మీరు ఏ ఐడీ ఇచ్చారో, దానికి చివర "కంట్రోలర్" అనే మాట అతికించాలి. దాని మొదటి అక్షరం క్యాపిటల్ సీ. క్లాస్ పేరుతో దీనికి సంబంధం లేదు. చాలామంది ఫీల్డ్ పేరు కూడా లాట్‌కార్డ్‌కంట్రోలర్ అనే పెట్టేస్తారు, క్లాస్ పేరు అదే కాబట్టి. ఐడీ తేజకార్డ్ అయినప్పుడు ఆ పేరుతో వెతికితే లోడర్‌కి ఏమీ దొరకదు.

దొరక్కపోతే ఎర్రర్ ఇస్తుందా? ఇవ్వదు. అసలు చిరాకు ఇదే. ఫీల్డ్ నల్‌గా మిగిలిపోతుంది, లోడర్ నోరు మెదపదు. మీరు ఇనిషియలైజ్ మెథడ్‌లో దాన్ని వాడబోయినప్పుడు నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. అది కూడా నేరుగా కనిపించదు, లోడ్ ఎక్సెప్షన్ లోపల ఇంకో ఎక్సెప్షన్, దాని లోపల ఇంకోటి. స్టాక్ ట్రేస్‌ని పైనుంచి చదవకండి. కిందకి స్క్రోల్ చేసి, చివరి "కాజ్డ్ బై" లైన్ చూడండి, అసలు కారణం అక్కడుంటుంది.

దీనికి వ్యతిరేకమైన తప్పు ఇంకోటుంది. తేజకార్డ్ అనే ఫీల్డ్‌కే లాట్‌కార్డ్‌కంట్రోలర్ టైపు ఇచ్చేయడం. అప్పుడు లోడర్ వీబాక్స్‌ని తెచ్చి కంట్రోలర్ టైపు ఫీల్డ్‌లో పెట్టబోతుంది, టైపు కుదరక వెంటనే గొడవ చేస్తుంది. ఇది మంచి తప్పు, ఎందుకంటే అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. ఫీల్డ్ ప్రైవేట్ అయితే @ఎఫ్ఎక్స్ఎంఎల్ తప్పనిసరి. ప్రాజెక్టులో మాడ్యూల్-ఇన్ఫో ఫైల్ ఉంటే, మీ కంట్రోలర్ల ప్యాకేజీని జావాఎఫ్ఎక్స్.ఎఫ్ఎక్స్ఎంఎల్‌కి "ఓపెన్స్" చేయాలి. సోర్స్‌లో ఇచ్చే దారి ఆ పెద్ద ఎఫ్ఎక్స్ఎంఎల్ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కిస్తారు. స్లాష్‌తో మొదలుపెడితే క్లాస్‌పాత్ మొదలు నుంచి చూస్తుంది.

ముందు పిల్ల, తర్వాత తల్లి

లోడర్ పని చేసే వరస తెలిస్తే సగం సందేహాలు పోతాయి. ముందు పెద్ద కంట్రోలర్ ఆబ్జెక్ట్ పుడుతుంది, అంటే కన్‌స్ట్రక్టర్ నడుస్తుంది. అప్పటికి ఫీల్డులన్నీ ఖాళీ. తర్వాత లోడర్ ఫైల్‌ని పైనుంచి చదువుతూ ఇన్‌క్లూడ్ దగ్గరికి వస్తుంది. అక్కడ ఆగి, లోపలి ఫైల్‌ని కొత్త లోడర్‌తో పూర్తిగా లోడ్ చేస్తుంది. లోపలి కంట్రోలర్ పుడుతుంది, దాని లేబుళ్లు దానికి అందుతాయి, దాని ఇనిషియలైజ్ నడిచేస్తుంది. మూడు కార్డులకీ ఇలా మూడుసార్లు జరిగాక, చిట్టచివర పెద్ద కంట్రోలర్ ఇనిషియలైజ్.

కాబట్టి కార్డు తన ఇనిషియలైజ్‌లో "నా లాట్ ఏది?" అని అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఉండరు. ఆ సమయానికి పెద్ద స్క్రీన్ ఇంకా సిద్ధం కాలేదు. కార్డు ఖాళీగా తయారై కూర్చోవాలి. లాట్‌ని పెద్ద కంట్రోలర్ తన ఇనిషియలైజ్‌లో ఇస్తుంది: తేజకార్డ్‌కంట్రోలర్.సెట్‌లాట్(తేజలాట్). అంతే, ఒక్క లైను.

మెయిన్ క్లాస్‌లో లోడర్ నుంచి గెట్‌కంట్రోలర్ పిలిచేవాళ్లకి కూడా ఇదే లెక్క. లోడ్ అయ్యాకే పిలవాలి. ముందే పిలిస్తే నల్ వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు వేరే ఉంది. "కంట్రోలర్ నల్ వస్తోంది కదా, నేనే న్యూ కొట్టి తయారుచేసుకుంటా" అనుకోవడం. న్యూ లాట్‌కార్డ్‌కంట్రోలర్ అంటే ఆబ్జెక్ట్ వస్తుంది, నిజమే. కానీ స్క్రీన్ మీద ఉన్న కార్డుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. దాని లేబుళ్లన్నీ నల్. ఎవరూ కూర్చోని దుకాణానికి బోర్డు రాయించి పెట్టినట్టు.

స్టాటిక్ పెడితే డబ్బు పోతుంది

న్యూ కూడా పని చేయకపోతే, ఇంటర్నెట్‌లో దొరికే మూడో సలహా స్టాటిక్. లేబుల్‌ని స్టాటిక్ చేస్తే పాత వెర్షన్లలో ఏదో నడిచేది, జావాఎఫ్ఎక్స్ 8 నుంచి లోడర్ స్టాటిక్ ఫీల్డులని పట్టించుకోదు. అందుకని డేటాని స్టాటిక్ చేస్తారు. "ఈరోజు రేటు ఎక్కడినుంచైనా దొరకాలి" అని లాట్‌కార్డ్‌కంట్రోలర్‌లో స్టాటిక్ రేటు. ఒక్క కార్డుతో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా పని చేస్తుంది. మూడు కార్డులు పెడితే ఏమవుతుందో అంకెలతో చూద్దాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, ఈరోజు యార్డు ధరలు కావు.

తేజ 1,620 కిలోలు, క్వింటాల్ రూ.18,000. మొత్తం రూ.2,91,600.
334 రకం 900 కిలోలు, క్వింటాల్ రూ.15,000. మొత్తం రూ.1,35,000.
తాలు 430 కిలోలు, క్వింటాల్ రూ.9,500. మొత్తం రూ.40,850.

రైతుకి రావాల్సింది రూ.4,67,450.

ఇప్పుడు రేటు స్టాటిక్. పెద్ద కంట్రోలర్ వరసగా మూడు కార్డులకీ సెట్‌లాట్ పిలిచింది. ప్రతిసారీ ఆ కార్డు లేబుల్ మీద సరైన రేటే పడింది: 18,000, 15,000, 9,500. స్క్రీన్ చూస్తే ఎవరికీ అనుమానం రాదు. కానీ స్టాటిక్ ఫీల్డ్ క్లాస్ మొత్తానికి ఒక్కటే, అందులో చివరగా మిగిలింది 9,500. "లెక్క" బటన్ నొక్కగానే మూడు కార్డులూ తమ బరువుని 9,500తోనే గుణిస్తాయి. తేజకి రూ.1,53,900. 334కి రూ.85,500. తాలుకి మాత్రం సరిగ్గానే రూ.40,850. మొత్తం రూ.2,80,250.

తేడా రూ.1,87,200. ఒక్క మాట వల్ల. కనిపించే రేటు సరిగ్గా ఉంది, ప్రోగ్రామ్ ఆగలేదు, కన్సోల్‌లో ఎర్ర అక్షరం ఒక్కటి లేదు. పైగా బటన్ నొక్కేవాడు మూడు మొత్తాలని విడివిడిగా గుణించి చూసుకోడు, మిషన్ లెక్క కదా అనుకుంటాడు.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పరీక్షల్లో "క్లాస్‌కీ ఆబ్జెక్ట్‌కీ తేడా రాయండి" అని రెండు మార్కుల ప్రశ్న వస్తుంది చూశారా, దాని నిజమైన జవాబు ఇదే. ఎఫ్ఎక్స్ఎంఎల్ ఫైల్ ఒక్కటే, క్లాస్ ఒక్కటే. ఇన్‌క్లూడ్ మూడుసార్లు రాస్తే ఆబ్జెక్టులు మూడు పుడతాయి. ఏ లాట్ రేటు ఆ లాట్ ఆబ్జెక్ట్‌లోనే ఉండాలి. కార్డు కంట్రోలర్‌లో కూడా కాదు, దాని వెనకున్న లాట్ క్లాస్‌లో.

స్ప్రింగ్ వాడేవాళ్లకి ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. లోడర్‌కి కంట్రోలర్ ఫ్యాక్టరీ ఇస్తే, ఆ ఫ్యాక్టరీ లోపలి ఇన్‌క్లూడ్‌లకి కూడా వర్తిస్తుంది. ఇది మంచి సౌకర్యమే. కానీ స్ప్రింగ్ బీన్ మామూలుగా సింగిల్టన్. మూడు కార్డులకీ అదే ఒక్క కంట్రోలర్ ఆబ్జెక్ట్‌ని తెచ్చి ఇస్తుంది. రెండో కార్డు లోడ్ అయినప్పుడు మొదటి కార్డు లేబుళ్ల మీద రెండోవి వచ్చి కూర్చుంటాయి, మూడోది వచ్చి రెండోదాన్ని తుడిచేస్తుంది. చివరికి మొదటి రెండు కార్డులు ఖాళీ, మూడో కార్డు మీదే అన్నీ రాస్తారు. కార్డు కంట్రోలర్ బీన్‌కి స్కోప్ ప్రోటోటైప్ అని పెడితే సరిపోతుంది. కనీసం ఇక్కడ స్క్రీన్ చూస్తే తెలిసిపోతుంది, స్టాటిక్ అంత మోసం కాదు.

సెట్‌కంట్రోలర్ గురించి కూడా ఒక మాట. పెద్ద ఫైల్‌కి కోడ్‌లో సెట్‌కంట్రోలర్ ఇస్తే అది లోపలి ఫైళ్లకి పోదు, వాటి ఎఫ్ఎక్స్:కంట్రోలర్ వాటికి ఉండాల్సిందే. ఒకే ఫైల్‌కి రెండూ ఇస్తే మాత్రం లోడర్ ఒప్పుకోదు.

కింద నుంచి పైకి ఎలా చెప్పాలి?

పైనుంచి కిందకి సెట్‌లాట్ సరిపోయింది. మరి యార్డులో రేటు మారి, కార్డులో కొత్త రేటు కొట్టారు. కింద మొత్తం మారాలి. ఆ మొత్తం లేబుల్ పెద్ద స్క్రీన్‌ది. కార్డుకి పెద్ద కంట్రోలర్‌ని పరిచయం చేసి, "నువ్వే వెళ్లి ఆ లేబుల్ మార్చేయ్" అంటే పని అవుతుంది. కానీ ఆ కార్డు ఇక వేరే స్క్రీన్‌లో పనికిరాదు. రేపు కోల్డ్ స్టోరేజీ స్క్రీన్‌లో అదే కార్డు పెడదామంటే అక్కడ ఆ లేబుల్ ఉండదు.

నాకు నచ్చే పద్ధతి ఇది. లాట్ తన మొత్తాన్ని చదవడానికి మాత్రమే వీలున్న ప్రాపర్టీగా బయటపెడుతుంది. పెద్ద కంట్రోలర్ ఆ మూడు ప్రాపర్టీలనీ బైండ్ చేసి కూడిక చూపిస్తుంది. కార్డుకి పైన ఎవరున్నారో తెలియదు, తెలియక్కర్లేదు. బటన్ నొక్కడం లాంటి సంఘటనలకైతే కార్డులో సెట్‌ఆన్‌లెక్క అనే మెథడ్ పెట్టి, పైనుంచి ఒక లాంబ్డా ఇస్తే చాలు. డబ్బుకి డబుల్ వాడకండి, బిగ్‌డెసిమల్ వాడండి. దానికి వేరే ఆర్టికల్ కావాలి.

పెద్ద కంట్రోలర్ కూడా హద్దు దాటకూడదు. తేజకార్డ్‌కంట్రోలర్.రేట్‌లేబుల్.సెట్‌టెక్స్ట్ అని రాయాలనిపిస్తుంది, ఎందుకంటే ఒక్క లైనులో అయిపోతుంది. కార్డు లోపల ఇంకో బరువు వరస కార్డు ఉంటే చుక్కల మీద చుక్కలు పెట్టుకుంటూ నాలుగు మెట్లు దిగిపోతారు. యార్డులో కొనేవాడు ఏ రైతు దగ్గరా సరాసరి లెక్క కట్టడు కదా, మధ్యలో కమీషన్ ఏజెంట్ ఉంటాడు. అక్కడ ఆ పద్ధతి మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కోడ్‌లో మాత్రం మధ్యవాడు ఉండాల్సిందే. లేబుళ్లు ప్రైవేట్‌గా ఉంచితే కంపైలరే కాపలా కాస్తుంది.

ఈ క్రమశిక్షణ ఎందుకు లాభమో పత్తి వచ్చినప్పుడు తెలుస్తుంది. పత్తికి బరువు, రేటుతో పాటు తేమ కూడా లెక్కే. సీసీఐ మద్దతు ధరకి కొనేటప్పుడు తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి ధర, అక్కడి నుంచి 12 శాతం దాకా కోత పెడుతూ తీసుకుంటారు, అది దాటితే తీసుకోరు. మిర్చి కార్డులో తేమకి ఒక పెట్టె అతికించి, "పత్తి అయితే చూపించు" అని ఇఫ్ పెడితే రెండు వారాల్లో ఆ ఫైల్ ఎవరికీ అర్థం కాదు. పత్తికార్డ్.ఎఫ్ఎక్స్ఎంఎల్ వేరే రాయండి, దానికి వేరే కంట్రోలర్. రెండు కంట్రోలర్లూ ఒకే ఇంటర్‌ఫేస్‌ని ఇంప్లిమెంట్ చేయాలి, లాట్‌వ్యూ అనుకుందాం. పెద్ద కంట్రోలర్‌లో ఫీల్డ్ టైపుగా ఆ ఇంటర్‌ఫేస్‌నే పెట్టొచ్చు, పేరు మాత్రం ఐడీ ప్లస్ కంట్రోలర్. లోడర్‌కి అభ్యంతరం లేదు. కోత లెక్క పత్తి లాట్ క్లాస్‌లో ఉంటుంది, కూడిక చేసే పెద్ద కంట్రోలర్‌లో ఒక్క లైనూ మారదు.

మోడల్, వ్యూ, కంట్రోలర్ అని ఇలా విడదీయడం కొత్త ఫ్యాషనేమీ కాదు. నార్వేకి చెందిన ట్రిగ్వే రీన్‌స్కౌగ్ 1979లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో స్మాల్‌టాక్ కోసం ఆలోచించిన పద్ధతి ఇది.

ఇక ఫోన్‌లోకి: తిప్పితే మారే రేటు

ఆండ్రాయిడ్‌లో కూడా ఇన్‌క్లూడ్ ట్యాగ్ ఉంది. లాట్‌కార్డ్ లేఅవుట్‌ని మూడుసార్లు ఇన్‌క్లూడ్ చేస్తాం. పాత పద్ధతిలో ఫైండ్‌వ్యూబైఐడీ పిలిస్తే మొదట కనిపించిన రేటు పెట్టె మాత్రమే దొరుకుతుంది, ఎందుకంటే మూడు కార్డుల లోపలా ఐడీలు అవే. వ్యూ బైండింగ్ ఈ బాధ తీర్చింది. ప్రతి ఇన్‌క్లూడ్‌కీ విడి ఐడీ ఇస్తే, బైండింగ్.తేజకార్డ్.రేటు అని నేరుగా ఆ కార్డులోకి వెళ్లొచ్చు. ఐడీ ఇవ్వకపోతే ఆ ఫీల్డే పుట్టదు. జావాఎఫ్ఎక్స్‌లో నల్ ఇచ్చి ఊరుకున్న చోట ఇక్కడ కంపైలరే ఆపుతుంది, అందుకే నాకు ఇది ఎక్కువ ఇష్టం.

కానీ ఒక చిక్కు మిగిలింది. మూడు కార్డుల్లోనూ రేటు కొట్టే ఎడిట్‌టెక్స్ట్ ఉంది. 18,000, 15,000, 9,500 కొట్టారు. ఇప్పుడు ఫోన్‌ని అడ్డంగా తిప్పండి. మూడు పెట్టెల్లోనూ 9,500!

ఎందుకంటే ఫోన్ తిప్పితే యాక్టివిటీ చచ్చి మళ్లీ పుడుతుంది. చచ్చేముందు ఆండ్రాయిడ్ ప్రతి వ్యూ స్థితినీ దాని ఐడీ కింద దాచిపెడుతుంది. మూడు పెట్టెలకీ ఐడీ ఒకటే. కాబట్టి ఒకదాని మీద ఒకటి రాసి, చివరిది మాత్రమే మిగులుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ఐడీ ఉన్న ముగ్గురికీ అదే ఇస్తుంది. ఇన్‌క్లూడ్‌లకి మీరు ఇచ్చిన విడి ఐడీలు ఇక్కడ అక్కరకు రావు, లోపలి పెట్టె ఐడీయే లెక్క. స్టాటిక్ రేటు చేసిన పనే ఇది కూడా చేసింది, ఈసారి మన కోడ్‌లో స్టాటిక్ అన్న మాటే లేదు.

మందు తేలికే. ఆ ఎడిట్‌టెక్స్ట్‌కి సేవ్‌ఎనేబుల్డ్ ఫాల్స్ పెట్టండి, రేట్లని వ్యూమోడల్‌లో లాట్ వారీగా దాచి, స్క్రీన్ మళ్లీ పుట్టినప్పుడు అక్కడినుంచే నింపండి.

కార్డులని ఫ్రాగ్మెంట్లుగా చేస్తే ఇంకో గుంట. మూడు ఫ్రాగ్మెంట్లూ యాక్టివిటీవ్యూమోడల్స్ ద్వారా వ్యూమోడల్ తీసుకుంటే ముగ్గురికీ ఒకటే ఆబ్జెక్ట్ వస్తుంది, స్ప్రింగ్ సింగిల్టన్ కథే మళ్లీ. కార్డు సొంత విషయాలకి మామూలు వ్యూమోడల్స్, మొత్తం లెక్కకి మాత్రం పేరెంట్ ఫ్రాగ్మెంట్‌ది. ఫ్రాగ్మెంట్ లోపల ఫ్రాగ్మెంట్ పెట్టేటప్పుడు చైల్డ్‌ఫ్రాగ్మెంట్‌మేనేజర్ వాడండి.

ప్రాజెక్టు డెమోకి వెళ్లేముందు ఒక పరీక్ష చేసుకోండి. మూడు కార్డుల్లోనూ మూడు వేర్వేరు రేట్లు, మూడు వేర్వేరు బరువులు కొట్టండి. అన్నిటికీ 100 కొడితే ఈ తప్పుల్లో ఒక్కటీ బయటపడదు. లెక్క నొక్కండి, కాగితం మీద గుణించి చూసుకోండి. మధ్య కార్డు రేటు మార్చి మళ్లీ నొక్కండి, మిగతా రెండూ కదలకూడదు. తర్వాత ఫోన్ తిప్పండి. తిప్పాక పెట్టెలు చూసి ఊరుకోకుండా, లెక్క ఇంకోసారి నొక్కండి.